అరవై ఆరో నంబరు రోడ్డు మీద పొరుగువాడు

షికాగోలో బయలుదేరి కాలిఫోర్నియాలోని శాంటా మోనికా తీరం దాకా రమారమి 3,900 కిలోమీటర్లు సాగే రూట్ 66కు 1926లో ఆ నంబరు ఇచ్చారు. ఇలినాయ్, మిస్సోరీ చేల మధ్య నుంచి వస్తూ ఊరు తగలగానే అదే ఆ ఊరి పెద్ద వీధి అయిపోయేది. బ్యాంకు, మందుల షాపు, మంగలి దుకాణం, చర్చి అన్నీ దాని మీదే. 1956 హైవే చట్టంతో ఇంటర్‌స్టేట్ హైవేలు వచ్చి వాహనాలను ఊరి బయట నుంచే లాక్కుపోయాయి. 1985లో రూట్ 66 జాతీయ రహదారుల జాబితాలోంచే పోయింది. మూతపడిన దుకాణాల లెక్క ఆర్థికవేత్తలు చెబుతారు. క్రైస్తవ విశ్వాసంతో చూసేవారికి కనిపించే నష్టం మరొకటుంది: మనం కోరి కలవని మనిషి ఎదురుపడే చోటు పోయింది. పొరుగువాణ్ణి ప్రేమించాలంటే ముందు వాడు కంటపడాలి. మత్తయి సువార్తలో ద్రాక్షతోట యజమాని పొద్దు వాలే వేళ కూడా బయటికి వెళ్లాడు కాబట్టే, కూలి దొరక్క నిలబడిపోయినవాళ్లు అతనికి కనిపించారు. కారు దిగి సామాను కొని మళ్లీ కారెక్కే ఊళ్లో, అలా నిలబడిపోయినవాణ్ణి చూసేదెవరు?

ఓక్లహోమాలో అడుగు పెట్టేసరికి ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. ఆ వీధులు అందరివీ ఎప్పుడయ్యాయి? ఈ రోడ్డుకు నంబరు పడటానికి ఐదేళ్ల ముందు, 1921లో, తల్సాలోని గ్రీన్‌వుడ్ అనే నల్లవారి వ్యాపార వీధిని తెల్లవారి మూక తగలబెట్టింది. కొత్తగా కట్టుకున్న మౌంట్ జయాన్ బాప్టిస్టు చర్చి కూడా ఆ మంటల్లో పోయింది. ఆ తర్వాతి దశాబ్దాల్లోనూ నల్లజాతి ప్రయాణికుడు ఏ ఊళ్లో అన్నం పెడతారో, ఎక్కడ పడుకోనిస్తారో తెలుసుకోవడానికి విక్టర్ గ్రీన్ 1936లో మొదలుపెట్టిన గైడుపుస్తకం వెంట పెట్టుకోవలసి వచ్చింది. ఆదివారం ఆరాధనకు వెళ్లిన మనుషులే సోమవారం ఆ తలుపులు మూశారు. ఇది నిజం, దీన్ని ఒప్పుకోకుండా పాత వీధి కోసం కన్నీరు పెట్టడం అబద్ధపు ప్రార్థన. అయితే ఈ నిజం వీధి విలువను తగ్గించదు; ఎదురుపడిన మనిషికి తలుపు తీశామా లేదా అన్న కొలతతోనే వీధికి తీర్పు చెప్పాలని చూపిస్తుంది. గ్రీన్‌వుడ్ జనం తమ వీధిని తిరిగి నిలబెట్టుకున్నారు. కాలిపోయిన మందిరం మీది అప్పు ఏళ్ల తరబడి కట్టి, 1952లో కొత్త మందిరాన్ని ప్రతిష్ఠించుకున్నారు. ఆ వీధి కొట్ల మధ్య నుంచే తర్వాత ఇంటర్‌స్టేట్ 244 వేశారు.

టెక్సస్ మైదానంలో, గ్రూమ్ దగ్గర, 1995లో నిలిపిన 190 అడుగుల సిలువ ఇంటర్‌స్టేట్ మీద చాలా దూరానికి కనిపిస్తుంది. కట్టినవారి భక్తిని నేను శంకించను. అక్కడ ఆగి మోకరించేవారూ ఉన్నారు. కానీ వేగంగా పోయే కంటికి కనిపించడమే సాక్ష్యమనుకుంటే, యేసు చెప్పిన ఉపమానంలో, యెరికో దారిలో గాయపడి ఉన్నవాణ్ణి చూసీ పక్కగా వెళ్లిపోయిన యాజకుడూ లేవీయుడూ గుర్తుకు రావాలి. వాళ్లు ఆగకపోయింది మతం తక్కువై కాదు. చర్చి కూడా చాలాచోట్ల వీధి వదిలి, హైవే పక్కన విశాలమైన పార్కింగు వెతుక్కుంది. అలా వదిలేసిన వీధి ఏమవుతుందో టెక్సస్ సరిహద్దులోని గ్లెన్‌రియోలో కనిపిస్తుంది: అది ఇప్పుడు మోటెల్ శిథిలాల ఊరు.

హైవే పక్కనున్న పెద్ద దుకాణంలో సరుకు చవక, పేద కుటుంబానికి అది మేలు కాదా అంటారు కొందరు. మేలే. అయితే కారు లేని వృద్ధురాలికి ఆ చవక అందదు. ఇక్కడ మనకు నిలిచే పట్టణం లేదని హెబ్రీ పత్రికే చెప్పిందిగా, పోయే వీధి కోసం దిగులెందుకని మరికొందరి ప్రశ్న. ఆ మాట ఉన్న అధ్యాయమే పరదేశికి ఆతిథ్యం మరవద్దనీ, ఉన్నది పంచుకోమనీ ఆజ్ఞాపిస్తుంది. ఆతిథ్యానికి ఒక గుమ్మం కావాలి.

అరిజోనాలోని సెలిగ్‌మన్‌ను 1978లో ఇంటర్‌స్టేట్ 40 పక్కకు నెట్టేసింది. ఏంజెల్ డెల్గడిల్లో అనే మంగలి, తోటివారితో కలిసి 1987లో సంఘం పెట్టి పోరాడితే, పాత రోడ్డుకు రాష్ట్రం చారిత్రక గుర్తింపునిచ్చింది. యాత్రికులు తిరిగొచ్చారు, ఊరు బతికింది. గొప్ప పని. కానీ జ్ఞాపికలు అమ్ముకునే వీధి దారినపోయేవాడి అవసరం తీరుస్తుంది. ఊళ్లోవాడికి పాలు, మందులు, కబురు చెప్పుకోవడానికి ఒక బల్ల కావాలి. ఇలాంటి ఊళ్లలోని క్రైస్తవ సంఘాలు హైవే పక్క కొత్త హాలుకు చందాలు పోగుచేసే ముందు, పెద్ద వీధిలో ఖాళీగా ఉన్న ఒక్క కొట్టుకు అద్దె కట్టాలి. ఆదివారం అందులో ఆరాధన జరుపుకుని, మిగతా ఆరు రోజులు కిరాణాకొట్టు నడిపేవాడికి దాన్ని ఇవ్వాలి.