మా బావ కారు గేరు లివర్ బాగుచేసిన సంగతి

ఈమధ్య మన గ్రూపులో సెకండ్ హ్యాండ్ కార్లు కొన్న తమ్ముళ్ళు ఎక్కువయ్యారు. మంచిదే. వాళ్ళలో ముగ్గురు నన్ను ఒకటే అడిగారు: "అన్నా, షార్ట్ షిఫ్టర్ పెట్టించొచ్చా? వీడియోల్లో చూపిస్తున్నట్టు గేరు టక్కున పడాలి." ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మా బావ కారుకి మేము చేసిన పని మొత్తం ఇక్కడే రాస్తున్నాను. పోస్టు పొడుగే. ఘాట్‌లో బండి నడిపేవాళ్ళు, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చదివేవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

బావది పాత మారుతి 800, నాలుగు గేర్లది. ఆ మోడల్ 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. అయినా మన కొండల్లో ఇంకా తిరుగుతోందంటే దాని తేలిక బరువు, ఎక్కడైనా దొరికే సామాను కారణం. రెండేళ్ళ కాఫీ, మిరియాల డబ్బు కలిపి బావ దాన్ని కొన్నాడు. మా ఊళ్ళో నాలుగు చక్రాల బండి అదొక్కటే. అంబులెన్సు తారు రోడ్డు దాకానే వస్తుంది, అక్కడి నుంచి ఊరికి మట్టి రోడ్డు. ఒకప్పుడు ఆ దూరం డోలీయే మోసేది. ఇప్పుడు అర్ధరాత్రి బావ ఇంటి తలుపు ఎవరైనా కొట్టారంటే కారు కోసమే. అందుకని ఆ బండి గేరు సరిగ్గా పడటం అనేది మాకు సోకు విషయం కాదు.

దాని గేరు లివర్ ఎలా ఉండేదంటే, గంజిలో గరిటె తిప్పినట్టు ఉండేది. బావ మాటల్లో చెప్పాలంటే, "గేరు పడతాది గాని ఏ గేరు పడిందో దానికే తెలీదు." నవ్వుకునేవాళ్ళం. పోయిన వానాకాలంలో మా పిన్నిని పాడేరు నుంచి విశాఖపట్నం తీసుకెళ్ళాల్సి వచ్చింది. వెనక సీట్లో పిన్ని, అమ్మ. ముందు నేను. ఘాట్ దిగుతూ ఒక మలుపు ముందు బావ మూడు నుంచి రెండో గేరుకి లాగాడు. ఇంజను గట్టిగా అరవాలి కదా, అరవలేదు. చప్పుడు తగ్గిపోయి బండి వదిలేసినట్టు జారింది. పడింది నాలుగో గేరు. బ్రేకు మీదే మలుపు తిప్పి, అలాగే మోదకొండమ్మ పాదాల దాకా తెచ్చి ఆపాడు. చక్రాల దగ్గర కాలిన వాసన. అమ్మ "ఏటయింది బాబూ?" అంటే, "ఏటీ లేదత్తా, బండి చల్లారాలి" అన్నాడు. స్టీరింగు మీద చేతులు మాత్రం తియ్యలేదు.

ఎందుకలా అవుతుందో చెప్తాను. నాలుగు గేర్ల బండిలో రెండు, నాలుగు రెండూ వెనక్కి లాగేవే. తేడా అంతా ఎడమకా, కుడికా అన్నదే. ఒకటి, మూడు కూడా అంతే, రెండూ ముందుకి తోసేవే. లివర్ అడుగున వదులుంటే పక్కకి జరిపినది గేర్ బాక్సు దాకా పూర్తిగా చేరదు. ఎక్కేటప్పుడు ఒకటి బదులు మూడు పడితే బండి ఆగిపోతుంది, వెనకవాడు హారన్ కొడతాడు, అంతే. దిగేటప్పుడు రెండు బదులు నాలుగు పడితే ఇంజను బండిని పట్టుకోదు. బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకులు వేడెక్కేకొద్దీ పట్టు తగ్గుతుంది. పెద్దవాళ్ళు "ఎక్కిన గేరులోనే దిగు" అనేది ఇందుకే.

ఇంటికొచ్చాక స్కూలు స్కేలు తెచ్చి కొలిచాను. ఇంజను ఆపి, గేరులో వేసి, వేలితో నాబ్‌ని అటూ ఇటూ కదిపితే ఏ బరువూ తగలకుండా నాలుగు సెంటీమీటర్లు ఊగింది. ఈ బండిలో లివర్ నుంచి గేర్ బాక్సుకి ఇనప రాడ్డు వెళ్తుంది, కేబుల్ కాదు. లివర్ మధ్యలో బంతిలాంటి భాగం ప్లాస్టిక్ సీటులో కూర్చుంటుంది. లివర్ అడుగున, రాడ్డు అవతలి కొసన బుష్షులు ఉంటాయి. ప్లాస్టిక్, రబ్బరు ఏ కంపెనీ బండిలోనైనా అరుగుతాయి. మన మట్టి, మన గుంతలకి ఇంకాస్త తొందరగా అరుగుతాయి.

షార్ట్ షిఫ్టర్ మాట ఇక్కడే వచ్చింది. మా చిన్న మావయ్య కొడుకు ఫోన్లో ఒకటి చూపించి "ఇది పెట్టేద్దాం" అన్నాడు. వాడికి నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. బంతికి పైన లివర్ 30 సెంటీమీటర్లు, కింద 5 అనుకోండి. కింద 2 మిల్లీమీటర్ల అరుగుదల పైన చేతికి 12 మిల్లీమీటర్లు అవుతుంది, ఆరు రెట్లు. షార్ట్ షిఫ్టర్ చేసేది ఈ నిష్పత్తిని మార్చడమే. పైన 28, కింద 7 అయితే నాలుగు రెట్లు. చేతి కదలిక మూడో వంతు తగ్గుతుంది. బాగానే ఉంది. కానీ గేరు వెయ్యడానికి పట్టే బలం ఒకటిన్నర రెట్లు అవుతుంది. అసలు సంగతి, ఊగుడు తగ్గినట్టు కనిపించినా, రెండో గేరుకీ నాలుగో గేరుకీ మధ్య దూరం కూడా అంతే తగ్గుతుంది. అంటే తప్పు గేరు పడే అవకాశం ఎక్కడికీ పోదు. కొంతమంది లివర్ పైభాగం కోయించేసి చిన్న నాబ్ పెట్టిస్తారు. దానికీ ఇదే లెక్క. పైగా పాత గేర్ బాక్సులో సింక్రోలు అరిగి ఉంటాయి, వాటికి కాస్త టైము కావాలి. చిన్న లివర్‌తో గబుక్కున తోస్తే అవి ఇంకా తొందరగా పోతాయి. కొత్త బండి, చదును రోడ్డు, సరదా అయితే పెట్టుకోండి, నేను వద్దనను. ఘాట్ బండికి ముందు బుష్షులు.

పని ఒక ఆదివారం పొద్దున్న మొదలుపెట్టాం. చదునైన చోట బండి పెట్టి, చక్రాలకి రాళ్ళు వేసి, జాకీ మీద కాకుండా గట్టి దుంగల మీద నిలబెట్టాం. జాకీ మీద నిలబెట్టిన బండి కింద మాత్రం ఎవరూ దూరొద్దు. లివర్ సీటు, స్ప్రింగు కొత్తవి దొరికాయి. రాడ్డు కొస బుష్షులు కొలతకి దొరకలేదు. పాత బోల్టు, రాడ్డు విశాఖ తీసుకెళ్ళి లేత్ షాపులో నైలాన్ రాడ్డుతో తిప్పించాను. ఇత్తడితో చెయ్యమంటారా అని అడిగాడు. ఇత్తడి ఎక్కువ కాలం వస్తుంది గాని ఇంజను అదురు మొత్తం చేతికి తెలుస్తుంది, నైలానే నయం. అన్నిటికీ గ్రీజు పూసి, చిరిగిన రబ్బరు బూటు మార్చాం. పాతది చిరిగి ఉండడం వల్లే మట్టంతా లోపలికి పోయి బంతి అరిగింది. సామాను, లేత్ కూలి, గ్రీజు అన్నీ కలిపి వెయ్యి దాటలేదు. బస్సు ఛార్జీ వేరు.

మళ్ళీ స్కేలు పెట్టాను. నాలుగు సెంటీమీటర్లు కాస్తా ఒకటికి లోపల. బావ చేతికి కొంచెం బరువైన నాబ్ ఇచ్చాం, ఆ ఒక్కటే మా సోకు. నాబ్ బరువు గేరు పడేటప్పుడు చేతికి కాస్త తోడు వస్తుంది.

తరవాత ఖాళీ బండితో ఘాట్ దిగి చూశాం. అదే మలుపు, అదే రెండో గేరు. ఇంజను అరిచింది. బావ నా వైపు చూడకుండా "మ్" అన్నాడు. ఆ మనిషి దగ్గర అది పెద్ద మెచ్చుకోలు.

బుష్షులు మార్చినా గేరు దానంతటదే బయటికి వచ్చేస్తుంటే, లేదా క్లచ్ పూర్తిగా తొక్కినా గరగరమంటే, అది లివర్ రోగం కాదు. క్లచ్ గాని, గేర్ బాక్సు లోపల గాని చూపించాలి. ఇంజను మౌంటింగులు కూడా చూసుకోండి. అవి కుంగితే ఇంజను ఊగినప్పుడల్లా రాడ్డు కూడా జరుగుతుంది. బావ బండికి ఒక మౌంటింగు పగులు పట్టింది, మిరియాలు అమ్మాక మారుస్తాం.

నైలాన్ రాడ్డు ముక్క ఇంకా జానెడు మిగిలింది. హుకుంపేట, జి.మాడుగుల వైపు ఎవరికైనా పాత 800 ఉంటే ముందు స్కేలు పెట్టి ఎంత ఊగుతుందో రాయండి. పాత బోల్టు పారెయ్యకుండా తెండి, కొలత దానితోనే తియ్యాలి.