తొట్టి నీళ్ళు, జేజి బిందెల లెక్క

నాగలమడికలో మా ఇంటి వెనక చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించినాము. ఈ మాట రాసేటప్పుడు మాకే కొంచెం సిగ్గుగా ఉంది. పావగడ తాలూకాలో పుట్టినవాళ్ళకు ఎందుకో చెప్పాల్సిన పని లేదు. పేరుకు కర్ణాటక, దాదాపు చుట్టూ ఆంధ్రనే. రెండు పక్కలా కరువు ఒకటే. ఊరి పక్కనే ఉత్తర పినాకిని ఉంది. సుబ్రహ్మణ్యస్వామి తేరుకు వచ్చే జనం ఏటిని చూసి దండం పెడతారు గానీ, ఏడాదిలో ఎక్కువ దినాలు అందులో కనపడేది ఇసకే.

మరి ఎందుకు కట్టించినాము? నాయనకు మోకాళ్ళ నొప్పులు, నీళ్ళలో నడిస్తే మంచిదని డాక్టరు చెప్పినారు. బెంగళూరు నుంచి సెలవులకు వచ్చే పిల్లల పోరు ఒకటి. దుడ్డు ఎక్కడిదంటే, తిరుమణి దిక్కు మా మెట్ట పొలం సోలార్ పార్కుకు గుత్తకు పోయింది. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలైన గుత్త అది. శెనక్కాయ వేసి వాన కోసం ఆకాశం చూసిన పొలం ఇప్పుడు వాన లేకున్నా దుడ్డు ఇస్తోంది. ఆ దుడ్డులో కొంత తొట్టికి పోయింది.

తొట్టి అనేది జేజి మాట. పూల్ అని ఒక్కసారి కూడా అనలేదు. నీళ్ళు నింపిన దినం ఆమె అన్న మాట ఇదే: "తాగేకి నీల్లు కొనుక్కునే ఊర్లో ఈదేకి నీల్లా నాయనా?"

జవాబు చెప్పలేకపోయినాము. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ లెక్కలు ఎవరికీ తెలియని కాలంలో బోరు నీళ్ళే తాగిన జేజికి పండ్లు గోధుమ రంగుకు తిరిగినాయి, నడుము బిగుసుకుపోయింది. ఇప్పుడు ఇంట్లో తాగేది శుద్ధ నీటి ఘటకంలో బిళ్ళ వేసి పట్టుకొచ్చే క్యాను నీళ్ళు.

తొట్టి 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. 22 వేల లీటర్ల పైన పడతాయి. నింపిన పది దినాలకే పిల్లల కళ్ళు మండినాయి. నీళ్ళు పాలచుక్క కలిపినట్లు మసకబారినాయి, గోడ పొడుగునా తెల్ల పొర. పట్టీ ముంచి చూస్తే పీహెచ్ 8.4. ఉండాల్సింది 7.2 నుంచి 7.8 లోపల. యాసిడ్ పోయండి, సరిపోతుంది అన్నారు కట్టినాయన. పోసినాము, 7.4కు దిగింది. నాలుగు దినాలకు మళ్ళీ 8.2. మళ్ళీ పోసినాము, మళ్ళీ ఎక్కింది. మూడోసారీ అదే కథ.

మా బతుకుదెరువు సాఫ్ట్‌వేర్ టెస్టింగు. మూసేసిన బగ్గు మళ్ళీ మళ్ళీ తెరుచుకుంటుంటే, సరిచేసింది పైపైనే, మూలం ఇంకెక్కడో ఉందని అర్థం. ఆఫీసులో రోజూ ఇతరులకు చెప్పే మాట మా తొట్టి దగ్గర మాకు గుర్తుకు రావడానికి మూడు వారాలు పట్టింది.

అప్పుడు బోరు నీళ్ళనే విడిగా పరీక్ష చేసినాము. కొళాయి నుంచి పట్టిన వెంటనే పీహెచ్ 7.4. అదే నీళ్ళు బకెట్లో రెండు దినాలు ఉంచితే 8 దాటింది. ఎవరూ ఏమీ కలపలేదు. ఆల్కలినిటీ చూస్తే లీటరుకు 420 మిల్లీగ్రాములు. పూల్‌కు 80 నుంచి 120 చాలు.

మేము చదివింది కన్నడ మీడియం. ఆమ్ల, ప్రత్యామ్ల అని నేర్చుకున్నాము. ఆల్కలినిటీని ఇంట్లో ఎట్లా చెప్పాలో తెలియక "నీళ్ళలో చౌడు" అన్నాము. జేజికి టక్కున అర్థమైంది. చౌడు మన్నుతో బట్టలు ఉతికిన కాలం ఆమెది. "బిందెకు పట్టే తెల్లది అదే కదా, చింతపండేసి తోమితే పోతుంది" అనింది. మేము 33 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో చేస్తున్నదీ ఆ చింతపండు పనే.

జరిగేది ఇది. రాతినేల లోతుల్లో ఉన్న నీళ్ళలో బొగ్గుపులుసు గాలి కరిగి ఉంటుంది, మూత తీయని సోడా బుడ్డి మాదిరి. బయటికి వచ్చినాక ఆ గాలి పోతుంది, పీహెచ్ ఎక్కుతుంది. చౌడు ఎంత ఎక్కువుంటే అంత పైకి ఎక్కుతుంది. దీనికి తోడు పిల్లల కోసం పెట్టించిన నీటి ధార నీళ్ళను చిలికి ఆ గాలిని ఇంకా తొందరగా తోలేస్తుంది. కొత్త సిమెంటులోంచి సున్నం ఊరుతుంది. బ్లీచింగ్ పౌడరుకూ కొంత క్షార గుణం ఉంది.

పీహెచ్ ఎక్కితే ఏమవుతుంది అంటారేమో. క్లోరిన్ పని చేయదు. 7.5 దగ్గర అందులో సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 8 దగ్గర నాలుగో వంతు, 8.5 దగ్గర పదో వంతే. పౌడరు వేస్తూనే ఉంటాము, నీళ్ళు మాత్రం శుభ్రం కావు.

కాబట్టి పీహెచ్‌ను కాదు, చౌడును దించాల. మా తొట్టిలో 100 తగ్గాలంటే నాలుగు లీటర్ల పైన యాసిడ్ కావాల. ఒకేసారి పోయకుండా, సాయంత్రం పూట పంపు ఆడుతుండగా, ఎవరూ దిగనప్పుడు కొంచెం కొంచెంగా పోసినాము. పీహెచ్ 7.2కు దిగినాక ధార వదిలితే మళ్ళీ ఎక్కుతుంది, కానీ చౌడు ఎక్కదు. అప్పుడు మళ్ళీ యాసిడ్. మూడు వారాల్లో 13 లీటర్లు పట్టింది. చౌడు 110కి వచ్చింది.

నడుమ ఒక దినం ప్రాణం మీదికి వచ్చింది. యాసిడ్ కొలిచిన మగ్గులోనే చిన్నాయన బ్లీచింగ్ పౌడరు తీసినాడు. అడుగున నాలుగు చుక్కలు మిగిలుంటే చాలు, ఘాటుగా పొగ లేచింది. ఆయన బయటికి పరుగెత్తి అరగంట దగ్గినాడు. తప్పు ఆయనది కాదు. రెండూ ఒకే కొట్టంలో పెట్టి, ఏది ఏదో రాయకుండా బెంగళూరుకు పోయిన మాది. ఇప్పుడు రెండూ రెండు చోట్ల, మగ్గులు వేరు, మీద తెలుగులోనూ కన్నడలోనూ రాసిపెట్టినాము. యాసిడ్‌ను నీళ్ళలో పోయాల, నీళ్ళను యాసిడ్‌లో పోయగూడదు అని కూడా.

ఇంతా చేసినాక చౌడు నెలకు 70 దాకా మళ్ళీ పెరిగింది. ఎందుకో దొరకలేదు. జేజికి దొరికింది. గట్టు మీద కూర్చుని చూస్తూ, "దినానికి ఎనిమిది తొమ్మిది బిందెలు ఎండకు పోతాండాయి, మీరు మళ్ళా పోస్తాండారు" అనింది. లెక్క కట్టినాము. దినానికి ఏడు మిల్లీమీటర్లు ఆవిరైతే 130 లీటర్లు. ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే. చౌడు, ఫ్లోరైడు అడుగున మిగుల్తాయి. పైన పోసే కొత్త నీళ్ళు ఇంకాస్త చౌడు తెస్తాయి. మా లెక్కకు దొరకని 70 ఆ బిందెల్లోనే ఉంది.

దిగనప్పుడు తొట్టి మీద టార్పాలిన్ కప్పడం మొదలుపెట్టినాము. ధార ఆపేసినాము. ఇంటి మిద్దె మీద పడే వాన నీళ్ళను పైపుతో తొట్టికి తిప్పినాము. వాన నీళ్ళలో చౌడు దాదాపు ఉండదు. ఇప్పుడు వారానికి ఒకసారి అరలీటరు లోపు యాసిడ్‌తో సరిపోతోంది. ఫ్లోరైడును ఇవేవీ తీసేయవు కాబట్టి, నీళ్ళు నోట్లోకి పోనీయొద్దని పిల్లలకు గట్టిగా చెప్పినాము.

కోలారు, బళ్ళారి, హోసూరు దిక్కు బోరు నీళ్ళతో తొట్టి పెట్టుకున్న మనవాళ్ళు ఎవరైనా ఉంటే, యాసిడ్ కొనేముందు బోరు నీళ్ళ ఆల్కలినిటీ చూపించుకోండి. తొట్టి మీద మూత వేయండి.

జేజి మొదటి ప్రశ్నకు మాత్రం పూర్తి జవాబు మా దగ్గర ఇంకా లేదు. నాయన, చిన్నాయన, మేము కూర్చుని ఒక మాట అనుకున్నాము. ఎండాకాలంలో బోరు తగ్గితే ఆ ఏడు తొట్టి నింపేది లేదు. క్లోరిన్ వేయడం ఆపి వారం ఎండనిచ్చి, ఉన్న నీళ్ళు టెంకాయ చెట్లకు. ఈ మాట చెప్తే జేజి నవ్వలేదు, తిట్టనూ లేదు. "మాట తప్పొద్దండి" అనింది.