రెండు విస్తళ్లు

సంతానములేమికి స్త్రీనే దోషిగా నెంచుట మన యిండ్లలో నింకను పోలేదు. అశోక్‌నగరులో కాపురమున్న మా మేనకోడలికి పెండ్లియై నాలుగేండ్లయినది. ఆమె చేయని ఉపవాసము లేదు; వానిలో రెండు మేము చెప్పినవే. అల్లునికి మాత్ర మొక్క పరీక్షయైనను జరుగలేదు.

మొన్నటి ఆదివారము వారిని చిక్కడపల్లిలోని మా యింటికి భోజనమునకు పిలిచితిమి. ఉదయమే నారాయణగూడకు పోయి కొర్రమీను తెచ్చి చింతపండు పులుసు పెట్టితిమి. సేమ్యా వేయించి, యుడికించి, పాలకూర కలిపితిమి. చేపలో మాంసకృత్తులును, ఆకుకూరలో ఫోలేటును కలవు. గర్భధారణకు ముందునుండియే స్త్రీ దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనవలయునని వైద్యులు చెప్పుట శిశువు మెదడు, వెన్నుపాముల రక్షణకై. అది సంతానమిచ్చు మందు కాదు. మా పులుసును అంతియే. బలమిచ్చును, వరమీయదు.

వడ్డనవేళ అమ్మాయి అలవాటుచొప్పున గరిటె పట్టి నిలిచినది. "నీవును కూర్చుండుమమ్మా" అంటిమి.

అల్లుడు నవ్వి, "ఈ పథ్యము ఆమెకు గదా మామయ్యగారూ, నాకెందుకు?" అనెను.

"నాయనా, పురుషబీజము తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును. బిడ్డలు కలుగని దంపతులలో ఇంచుమించు సగముమందియెడ పురుషుని వైపునను కారణముండును. పథ్య మిద్దరిది, పరీక్షయు నిద్దరిది."

అతడు కొంతసే పూరకుండి, "ఈసారి నేనును ఆస్పత్రికి వచ్చెదను" అని భార్యతో ననెను.

బిడ్డ కలుగునో లేదో మే మెరుగము. ఆనా డామె విస్తరి మాత్రము చివరిది కాలేదు.