వంతగాడేడి?

మా మర్రిగూడలో ఒక ఒగ్గుకథకుడున్నాడు. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య పేరు మారుమ్రోగడం, 2022లో పద్మశ్రీ రావడం చూచినప్పటినుండి ఆయనకూ ఒక ప్రచార వీడియో కావాలని ఆశ. మా మనవడు సెల్‌ఫోనుతో తీశాడు. కూర్చేటప్పుడు నేను ప్రక్కన కూర్చున్నాను.

రాత్రంతా సాగే మల్లన్న కథ మూడు నిమిషాలలో ఇమడాలి. డోలు దరువు, గజ్జెల అడుగు, కథకుని వర్ణన ఉంచి, పునరుక్తి దోషమని వంతల మాటలు నేనే తీసివేయించాను. పండితుని కత్తెర కదా!

ఆయన చూచి మెల్లగా అన్నాడు: “మంచిగున్నది సారూ. గని నా వంతగాడేడి? ఊఁ గొట్టెటోడు లేకుంటె కత ఎవలికి జెప్తున్న? ఒక్కన్నే సూపిస్తె ఒక్కనికే పైసలిస్తరు.”

సిగ్గుపడ్డాను. ముప్పదియేండ్లకు పైగా పాఠం చెప్పినవాణ్ణి. ఊఁ కొట్టని తరగతి ఎంత శూన్యమో ఎరుగనా? ఒగ్గుకథలో వంత పునరుక్తి కాదు, శ్రోతల తరఫున పలికే గొంతు. ఆ గొంతు పలికేలోగా కథకుడు ఊపిరి తీసుకుంటాడు.

మరునాడు మరల కూర్చున్నాము. నేను ముచ్చటపడి ఉంచిన వర్ణన తీసివేసి, వంతగాని “ఊఁ... ఆపైన?” చేర్చాము. నిడివి మాత్రం అదే మూడు నిమిషాలు.

పిలుపు ఇంకా రాలేదు. వస్తే మేళమంతటికీ వస్తుంది.