అనంతగిరి మలుపులు, మా చిన్న కారు

విశాఖపట్టణమునుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్ల త్రోవ. శృంగవరపుకోట దాటి కొంతదూరము పోవువరకు అది మైదానపు రోడ్డే. పిమ్మట తైడ, అనంతగిరి, గాలికొండలమీదుగా సుంకరమెట్ట చేరువరకు మలుపు వెంట మలుపు. ఈ త్రోవన మేము రెండుమారులు పోయితిమి. మొదటి పయనమున మా అత్తగారు అనంతగిరి చేరులోపల మూడుమారులు కారాపించి వాంతి చేసికొనిరి. ఒక మలుపున కారు వెలుపలివైపునకు తూలి, ఎదురుగా వచ్చు బస్సునకు జేనెడు దూరమున నిలిచెను. ఆ కుదుపునకు వారి యొడిలోని మాగాయ జాడీ మూత యూడి, నూనె యంతయు చీరపై నొలికెను. "ఈ కారులో నేనిక కొండ యెక్కను" అని వారు ఒట్టు పెట్టుకొనిరి.

ఇటీవల మా ఆడుబిడ్డకు అరకులోనే రెండవ కానుపయ్యెను. మనుమరాలిని చూడవలెనని అత్తగారి ప్రాణము కొట్టుకొనుచుండెను, ఒట్టు అడ్డువచ్చెను. రైలు లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది, కాని బాలింతరాలికి కావలసిన సామానంతయు ఎక్కించి దింపువారెవరు?

మాది 2013లో కొన్న ఆల్టో 800. దానిని బాగుచేయింపవలెనని మా వారు ఒక దుకాణమునకు తీసికొనిపోయిరి. అచ్చటి కుర్రవాడు 15 అంగుళముల తళతళలాడు చక్రములు వేసి, స్ప్రింగులు కోసి కారును నేలకు దించినచో అది మలుపులలో అంటుకొని పోవునని చెప్పెను. మా వారు తల యూపబోయిరి. మనకు నగలయందుగల మోహము మగవారికి చక్రములయందు కలదు కాబోలు! కోసిన స్ప్రింగు పొట్టిదగుటయే గాక బిరుసెక్కును. గోతిలో పడినప్పుడు పైకి లేచుటకు చక్రమునకు చోటు చాలదు. మా వీధి చివరనున్న స్పీడు బ్రేకరే దాని యడుగును గీరివేయును. అంతేగాక, కంపెనీవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనుకు విరుద్ధము.

మేము పట్టుపట్టగా మరియొక వృద్ధ మెకానిక్కునకు చూపించితిమి. ఆయన ఏమియు మాటలాడక కారు ముందరి మూలను రెండుచేతుల నొక్కి విడిచెను. అది ఊయలవలె మూడు నాలుగుమారులు ఊగెను. "షాకులు పోయినవమ్మా" అనెను.

స్ప్రింగు గోతిదెబ్బను మ్రింగును గాని, పిమ్మట ఊగుచునే యుండును. ఆ యూగును అణచునది షాక్ అబ్సార్బరు. దానిలోపల నూనెయందు పిస్టను కదలును. సన్నని రంధ్రములగుండ నూనె దూరిపోవలసియుండుటచే ఆ కదలిక మందగించును. గడ్డపెరుగులో కవ్వమాడించునపుడు చేతికి తగులు బిగువు మనకు తెలిసినదే గదా! నూనె కారిపోయిన షాకు నీళ్లలో కవ్వము. అట్టి కారులో చక్రము ఒక క్షణము నేలను గట్టిగా నొక్కి, మరుక్షణము తేలిపోవును. తేలినవేళ స్టీరింగు త్రిప్పినను, బ్రేకు త్రొక్కినను పట్టు చాలదు. అత్తగారి వాంతులకును, బస్సు గండమునకును మూలమొక్కటియేనని మాకప్పుడు తెలిసెను.

నాలుగు షాకులును క్రొత్తవి వేయించితిమి, స్ప్రింగులను ముట్టలేదు. టైర్లు ఎటులును అరిగియుండెను. పాతవాని కొలత 145/80 ఆర్ 12. అనగా వెడల్పు 145 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ యెత్తు అందులో నూటికి 80 పాళ్లు, రిమ్ము 12 అంగుళములు. ఆల్టోలోనే కె10 అను రకమునకు కంపెనీవారు అమర్చిన 155/65 ఆర్ 13 కొలతను మెకానిక్కు ఎంచెను. లెక్కవేసి చూడగా పాత టైరు నిలువు సుమారు 537, క్రొత్తదాని నిలువు 532 మిల్లీమీటర్లు. కావున వేగము చూపు ముల్లు తప్పు చెప్పదు. ప్రక్కగోడ పొట్టిదగుటచే మలుపులో టైరు తక్కువగా వంగును. పిదప అలైన్‌మెంటు సరిచేసి, మెకానిక్కు మాకొక మాట చెప్పెను: "పైన బరువు కట్టకండమ్మా." మొదటిమారు పనసకాయలను, బియ్యపు మూటను టాపుమీద కట్టినది మేమే!

ఈమారు మూటలన్నియు కాళ్లయొద్ద సర్దితిమి. అత్తగారు కండ్లు మూసికొని కూర్చుండిరి. తైడ దాటినది, అనంతగిరి దాటినది. మలుపులలో కారు కొంచెము ఒరిగి, వెంటనే నిలద్రొక్కుకొనుచుండెను. క్రొత్త షాకుల బిరుసువలన చిన్న గతుకులు మునుపటికంటె నడుమునకు బాగుగనే తగిలినవి. అది దాచి ప్రయోజనము లేదు. గాలికొండయొద్ద అత్తగారు "ఆపు, నాయనా" అనిరి. మేము గాబరాగా నీళ్లచెంబు అందుకొంటిమి. వారు దిగి, కొంగు బిగించుకొని, లోయవంక చూచుచు నిలిచిరి.

అరకు చేరి, బిడ్డను ఎత్తుకొనుటకు ముందు చేతులు కడుగబోవుచు, వారు మాగాయ జాడీ వాసెనగుడ్డను ఒకమారు తడివి చూచిరి. గుడ్డ పొడిగానే యుండెను.