మొగ మూసుకుంటే... పులికాట్‌కు ఊపిరాడదు!

శ్రీహరికోట అనగానే రాకెట్టు గుర్తొస్తుంది. అక్కడికి వెళ్లే దారిలో ఓ పెద్ద సరస్సు ఉంది. కొంగలకూ రొయ్యలకూ, వేలాది జాలరి కుటుంబాలకూ అదే అన్నపూర్ణ!

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా వెళితే సూళ్లూరుపేట వస్తుంది. 2022లో ఇది నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కాళంగి ఒడ్డున చెంగాళమ్మను దర్శించుకుని తూర్పుకు తిరిగితే... కాసేపటికే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు. అదే పులికాట్. దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా నిలిచిన దీవే శ్రీహరికోట.

చలికాలంలో అటకానితిప్ప దగ్గర ఆగి చూడండి. మోకాలి లోతు నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరి ఉంటాయి. వాటి పేరిట 2001లో మొదలైన పండుగకు జనం తండోపతండాలుగా వస్తారు. నేలపట్టు చెరువులో కడప చెట్లపై గూళ్లు కట్టుకునే గూడబాతులు కూడా పిల్లల కోసం చేపలు పట్టుకెళ్లేది ఇక్కడి నుంచే.

రెండు నీళ్ల కాపురం

కాళంగి, అరణి లాంటి నదులు మంచినీరు తెస్తాయి. ఉత్తరాన రాయదొరువు, దక్షిణాన పళవేర్కాడు మొగల నుంచి సముద్రం ఉప్పునీరు పంపుతుంది. ఈ రెండూ కలిస్తేనే పులికాట్. రొయ్య పుట్టేది సముద్రంలో. పిల్లగా మొగ దాటి వచ్చి, సరస్సులో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ కడలికే పోతుంది. ఇసుక మేట వేసి మొగ పూడిపోతే ఆ రాకపోకలు ఆగిపోతాయి. ఎండాకాలంలో నీరు ఆవిరై ఉప్పు పెరిగిపోతుంది. చేప ఉండదు, వల ఖాళీ!

వచ్చిన మురికి పోయేదెటు?

మొగ తెరిచి ఉంటే ఆటుపోట్లు సరస్సును కడిగేస్తాయి. మూసుకుంటే ఊళ్ల మురుగు, పొలాల మందులు, రొయ్యల చెరువుల వ్యర్థాలు అక్కడే పేరుకుంటాయి. అందుకే చిలికా, పులికాట్‌లకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు కూడదని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దక్షిణం నుంచి మరో బెడద. బకింగ్‌హాం కాలువ పులికాట్‌ను ఎన్నూరుతో కలుపుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదల్లో ఆ ఎన్నూరు నీళ్లపైనే చమురు తెట్టు కట్టింది.

ఇదంతా సముద్రపు ఒడ్డు వాళ్ల బాధ అనుకుంటే పొరపాటే. పిచ్చాటూరు జలాశయంలో నిలిచేదీ, సురుటుపల్లె పళ్లికొండేశ్వరుడి గుడి పక్కన పారేదీ అరణి నీరే. అది చివరికి చేరేది పులికాట్‌కే. గుడికి వెళ్లి మనం ఏట్లో వదిలిన ప్లాస్టిక్ సంచి వానాకాలంలో ఎక్కడికి కొట్టుకుపోతుందో వేరే చెప్పాలా? మొగల్లో ఇసుక తీయించాల్సింది ప్రభుత్వం. ఎగువన ఏరును శుభ్రంగా ఉంచుకోవాల్సింది మాత్రం మనమే.

ఎప్పుడు వెళ్లాలి?: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. తెల్లవారుజామున అయితే పక్షులు బాగా కనిపిస్తాయి. బైనాక్యులర్ మరవకండి.