ముందు తగ్గించకూడనివి

వేలూరులో పండగలు డిసెంబరులోనే మొదలవుతాయి. క్రిస్మస్‌కి వీధివీధినా కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. ఆ వెనకే కొత్త సంవత్సరం, వైకుంఠ ఏకాదశి, భోగి, పొంగల్ వచ్చేస్తాయి. కానుం పొంగల్ నాడు పిల్లల్ని కోట దగ్గరికి తీసుకెళ్ళి తిప్పితే ఇక్కడి ఇళ్ళలో పండగ ముగుస్తుంది. మాలాంటి తెలుగు ఇళ్ళలో అంతటితో ముగియదు. 1911లో చిత్తూరు జిల్లాని విడిగా ఏర్పాటు చేసేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకి చిత్తూరే ముఖ్యపట్టణం. తర్వాత జిల్లాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, చుట్టరికాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మా అత్తగారిది గుడియాత్తం. ఆవిడ చెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు చిత్తూరు, పలమనేరు వైపు ఉన్నారు. నేనేమో తెనాలి దగ్గర పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక ఈ నేలకి వచ్చినదాన్ని. అందువల్ల మా ఇంట్లో భోగిమంట వేలూరులో, పొంగలి గుడియాత్తంలో, కనుమ సరిహద్దు అవతల. బట్టలు మూడు చోట్లకీ కొనాలి. కారుకి పెట్రోలు, పిల్లల చేతుల్లో పెట్టే డబ్బు, వెళ్ళిన ప్రతి ఇంటికీ పళ్ళూ స్వీట్లూ. ఈ తిరుగుడు నాకు చాలా ఇష్టం. మా పిల్లలకి తెలుగు నిలిచి ఉందంటే దానివల్లే. దీన్ని ఎప్పటికీ మానుకోను.

అసలు కష్టం పండగ తర్వాతి నెలలో వస్తుంది. మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, ముహూర్తాలు ఉండవు కాబట్టి పొంగల్‌తో మొదలయ్యే తై నెల రాగానే పెళ్ళిళ్ళు వరస కడతాయి. ప్రతి పెళ్ళిలోనూ మొయి రాయించాలి. మనవైపు చదివింపుల్లాంటిదే అయినా ఇక్కడ ఆ లెక్క మరింత గట్టిగా ఉంటుంది. ఎవరు ఎంత పెట్టారో నోటుపుస్తకంలో ఊరూ పేరూ సహా రాసి దాచుకుంటారు, వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తిరిగి పెడతారు. అదే సమయానికి బళ్ళో మూడో టర్ము ఫీజు. ఆ పైన పన్ను. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళని జనవరిలో ఆఫీసుల్లో పొదుపు రసీదులు, ఇంటద్దె రసీదులు అడుగుతారు. చూపించినవి తేలాక ఇంకా తక్కువ పడిన పన్ను ఫిబ్రవరి, మార్చి జీతాల్లోంచి కోస్తారు. మా వారు రాణిపేటలో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తారు. పండగ ఖర్చు పెరిగిన వెంటనే జీతం చిన్నదవడం నెలజీతాల వాళ్ళందరికీ తెలిసిన సంగతే.

అందుకే ఏటా పండగ అయ్యాక ఒక నెల ఇంట్లో ఖర్చు బిగించడం మా అలవాటు. దాన్ని ఎలా చేయాలో నాకు నేర్పింది మా అత్తగారు.

ఆవిడ పుట్టిల్లు గుడియాత్తంలో మగ్గాల ఇల్లు. గుడియాత్తం లుంగీ గురించి మనవాళ్ళలో చాలామంది వినే ఉంటారు. ఆ ఊళ్ళో మగ్గంతో పాటు బీడీ పని ఉంది, అగ్గిపెట్టెల పని ఉంది. మగ్గానికి కూలి వారానికోసారి, బీడీలకి కూలి వెయ్యికి ఇంత అని. అలాంటి ఇళ్ళలో నెల లెక్క లేదు, వారం లెక్కే. మనం నెలంతా బిగించుకుని పైనెల తేరుకుంటాం. వాళ్ళకి ప్రతి వారం చివర్లోనూ బిగింపే. పండగకి మగ్గం ఆగిన రోజులకి కూలి ఉండదు కాబట్టి పండగ వెంటనే వచ్చే వారం అన్నిటికన్నా ఇబ్బందిగా గడిచేదని అత్తగారు చెబుతారు. 2021 డిసెంబరులో, పద్నాలుగేళ్ళుగా రూపాయే ఉన్న అగ్గిపెట్టె రెండు రూపాయలైనప్పుడు మా ఇంట్లో ఆ సంగతి పట్టించుకున్నది ఆవిడ ఒక్కరే. ఆ డబ్బాలో పుల్లలు నింపే చేతులకి అందులో ఎంత వస్తుందోనని ఆరోజు చాలాసేపు మాట్లాడారు.

నేను కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, పండగ తర్వాత కాగితం తీసుకుని ఏవేవి మానేయాలో రాయడం మొదలుపెట్టాను. అత్తగారు పక్కన కూర్చుని చూశారు. “ముందు దేన్ని తగ్గించగూడదో అది రాయిమ్మా. మిగిలిండేది తర్వాత చూస్తాం” అన్నారు. ఎందుకని అడిగితే వాళ్ళమ్మ గురించి చెప్పారు. వారం చివర్లో కూడా ఇంట్లో అందరికీ అన్నం సరిపోయేదట. ఎవరూ ఆకలితో పడుకున్నది లేదు. వాళ్ళమ్మ ఏం తిన్నదో మాత్రం ఎవరూ చూడలేదు. “సంగటి అడుగంటిండేది గీక్కోని తినేది. మాకు తెలిసేతలికి ఆమెకి రక్తం లేదని డాక్టరమ్మ చెప్పింది” అన్నారు.

ఆ మాట విన్నాక పొదుపు అనే మాటని నేను చూసే తీరు మారింది. డబ్బు తగ్గించిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకుంటారు. ఆ ఒకరు ఎవరో ముందే చూసుకోకపోతే అది ఎప్పుడూ ఇంటి ఆడమనిషి అవుతుంది. ఇంట్లో అడగకుండానే తగ్గేవి ఆవిడ గ్లాసులో పాలు, ఆవిడ కంచంలో పెరుగు, ఆవిడ వేసుకోవాల్సిన ఐరన్ మాత్ర. లేదంటే మన ఇంటి చిన్న డబ్బు మీద బతికే ఇంకొకరు నష్టపోతారు. కాబట్టి మా కాగితంలో మొదటి భాగం ఎప్పుడూ తగ్గించకూడనివే. ఇంట్లో నలుగురికీ పాలు, గుడ్లు, పళ్ళు, నా వాటాతో సహా. మందులు. పనమ్మాయి జీతం. ఇస్త్రీ బండి. మొయి.

పనమ్మాయి సంగతి కొంచెం చెప్పాలి. ఈ నెలలో కొన్ని ఇళ్ళలో “నెల రోజులు రావద్దు, మేమే చేసుకుంటాం” అనేస్తారు. ఆమె ఇల్లు ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ మాట అనలేరు. రేషను కార్డు మీద బియ్యం ఉచితం. కందిపప్పు కిలో 30 రూపాయలు, పామాయిల్ లీటరు 25. 2023 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వ మగళిర్ ఉరిమై తొగై (మహిళల హక్కు సొమ్ము) కింద నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో పడటం మొదలైంది. 2024 పొంగల్‌కి కార్డుదారులకి వెయ్యి రూపాయలు చేతికిచ్చారు, 2025లో బియ్యం, చక్కెర, చెరకుగడ మాత్రమే ఇచ్చారు, డబ్బు లేదు. పొంగల్ డబ్బు రాకపోతే ఆమె ఇంట్లో ఏం తారుమారవుతుందో నాకు తెలుసు. అలాంటి మనిషి జీతం ఆపి మనం మిగిల్చేది పొదుపు కాదు. మన లోటుని ఆమె మీదికి తోసేయడం. ఈ విషయంలో నాకు ఏ మాత్రం సందేహం లేదు, ఎవరితోనైనా వాదిస్తాను.

పూలావిడ విషయంలో మాత్రం మార్గం దొరికింది. ఈ ఊళ్ళో రోజూ మూర పూలు కొనడం అన్నం వండుకున్నంత మామూలు. మంచు నెలల్లో మల్లె దిగుబడి తగ్గి ధర ఆకాశానికెళుతుంది. పూలు మానేస్తే పూలావిడకి ఒక వాడిక పోతుంది. అందుకని ఆ నెలంతా ఆమె దగ్గరే మల్లెకి బదులు చామంతి తీసుకుంటాను. సరుకు మారుతుంది, మనిషి మారదు. వీలైన ప్రతిచోటా ఇదే పద్ధతి పెట్టుకున్నాం.

ఇక తగ్గించేవి. ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించే తిండి పూర్తిగా బంద్. ఆదివారం ఆంబూరు బిర్యానీ కోసం హైవే ఎక్కడం బంద్. కొత్త బట్టలు లేవు, పండగకి కొన్నవి ఉన్నాయి. కారు బయటికి తీయం. మామూలు పట్టణ బస్సుల్లో ఆడవాళ్ళకి 2021 మే నుంచి టికెట్టు డబ్బులు లేవు కాబట్టి బజారు పనులు నావి. వీటి గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు, ఏ ఇంట్లోవాళ్ళకైనా తెలిసినవే. ఫోనుతో కట్టే చిన్నచిన్న మొత్తాలు మాత్రం విడిగా చూసుకోవాలి. నోటు తీసి ఇచ్చేటప్పుడు చేతికి తెలుస్తుంది, స్కాన్ చేసినప్పుడు తెలియదు. నెల మొదట్లో బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పిల్లల చేత చదివిస్తే, ఎవరు దేనికి ఎంత ఖర్చు పెట్టారో ఎవరూ ఎవరినీ నిలదీయకుండానే బయటపడుతుంది.

మా పొదుపు నెలలో అసలు ఆనందం వంటింట్లో ఉంది. పండగ తర్వాతి రోజుల్లో ఈ ప్రాంతంలో కూరగాయలు పుష్కలం. పొద్దున్నే ఉళవర్ సందైకి వెళతాను. మనవైపు రైతుబజార్లు, ఇక్కడ ఉళవర్ సందైలు, రెండూ 1999లోనే పుట్టాయి. గుర్తింపు కార్డున్న రైతులే కూర్చుని అమ్ముతారు, ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. ఇలవంబాడి ముళ్ళ వంకాయ అక్కడ దొరికితే ఆ రోజు ఇంకో కూర ఆలోచించను. తొడిమ నిండా ముళ్ళుండే ఈ వేలూరు వంకాయకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెనాలి వైపు గుత్తివంకాయ తిని పెరిగిన నోటికి కూడా ఇది నచ్చింది, అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నా దగ్గర లేదు. పండగకి కొన్న గుమ్మడికాయలో మిగిలిన చెక్క పులుసులోకి పోతుంది. ఉలవలు ఉడికించిన నీళ్ళతో చారు, గింజలతో తాలింపు, రెండు పూటలు గడుస్తాయి.

అన్నిటికన్నా మిన్న అనపకాయలు. చిత్తూరు, గుడియాత్తం ఇళ్ళలో చలికాలమంటే అనపకాయల కాలం. కాయలు ఒలిచి, గింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తొక్క ఊడి పప్పు బయటికి జారుతుంది. అదే పితికిపప్పు. కొబ్బరి, గసాలు, ధనియాలు నూరిపోసి పులుసు పెడితే రాగి సంగటిలోకైనా, దోసెల్లోకైనా మాంసం కూర గుర్తుకు రాదు. బజార్లో పితికి ఉంచిన పప్పు కూడా అమ్ముతారు, దాని ధర వేరు. ధరలో ఆ తేడాలో పితికిన చేతుల కూలి ఉంది.

చాలా ఇళ్ళలో పొదుపు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతుంది. బయటి తిండి మానేస్తే ఇంట్లో వంట పెరుగుతుంది. ఒలిచినది కొనకపోతే ఒలవాలి. డబ్బు మిగిలిందని అందరూ అంటారు, ఆ డబ్బుకి బదులు ఖర్చయిన గంటలు ఎవరివో ఎవరూ లెక్కపెట్టరు. నెలాఖరుకి ఆడమనిషి నడుం పట్టేస్తే అది పొదుపు లెక్కలో ఎక్కడా రాయరు. అత్తగారి పుట్టింట్లో అనపకాయల పళ్ళెం ముందు తాతలు, మనవలు, మగ్గం దిగి వచ్చిన మగవాళ్ళు అందరూ కూర్చునేవాళ్ళట. మా ఇంట్లోనూ ఆ పళ్ళెం ముందు అందరూ కూర్చోవాల్సిందే. మా వారు ఒలుస్తారు, పెద్దవాడు పితుకుతాడు, చిన్నది తొక్కలు ఏరుతుంది. ఆ గంటలో ఫోన్లు ఎవరి చేతుల్లోనూ ఉండవు, వేళ్ళన్నీ తడిగా ఉంటాయి. ఎవరూ రానిరోజు ఆ కూర వండను. ఇది పట్టుదల కాదు, లెక్క.

హనీ మొతోకో అనే జపాన్ పత్రికా రచయిత్రి 1904లో గృహిణుల కోసం కాకెయిబో అనే ఖర్చుల పుస్తకాన్ని తయారుచేసింది. రాబడి, పొదుపు, ఖర్చు చేతితో రాసుకుని నెల చివర కూర్చుని చదువుకోవడం దాని పద్ధతి. ఇప్పటికీ ఆ దేశంలో వాడుతున్నారు. ఆ పుస్తకం గురించి చదివినప్పుడు నాకు అత్తగారి గోడ గుర్తొచ్చింది. వంటింటి తలుపు పక్కన బొగ్గుతో వారం లెక్క రాసేవారట, అందరికీ కనపడేలా. మేము ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటిస్తాం. పిల్లలు కూడా దాని మీద రాస్తారు. ఇంట్లో డబ్బు తక్కువగా ఉందన్న సంగతి పిల్లలకి తెలియనివ్వకూడదనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. చెప్పకపోయినా వాళ్ళకి తెలుస్తుంది. చెబితే భయం పోయి పని మిగులుతుంది.

ఈ నెల ఇంత శ్రద్ధగా గడపడం వెనక ఉన్న బెదురు కూడా చెప్పాలి. తై నెలలో తాకట్టు దుకాణాల ముందు నిలబడే వాళ్ళని చూడండి. పొంగల్‌కి పెట్టుకున్న గొలుసే పెళ్ళి ఖర్చు కోసం కుదవకి వెళుతుంది. నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి ఇరవైనాలుగు. అప్పు తీర్చేలోగా ఇంకో పండగ వస్తుంది. దీన్ని తప్పించుకోవడానికే ఈ జిల్లాల్లో దీపావళి చీటీలు పుట్టాయి. ఏడాది పొడుగునా నెలనెలా కడితే పండగ ముందు సామాన్లో, నాణెమో ఇస్తారు. పండగకి ముందే డబ్బు కూడబెట్టాలన్న ఆలోచన మంచిదే. కానీ రిజిస్టరు లేని చీటీల్లో కట్టి మొత్తం పోగొట్టుకున్న ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద నమోదైందో లేదో అడగడానికి మొహమాటపడి, తెలిసినవాళ్ళని నమ్మి కట్టినవాళ్ళే ఎక్కువ. పనమ్మాయి కూడా అలాంటి ఒక చీటీలో చేరబోతుంటే ఆపి, పోస్టాఫీసుకి తీసుకెళ్ళి రికరింగ్ డిపాజిట్ తెరిపించాను. నెలకి 100 రూపాయలతో మొదలుపెట్టొచ్చు.

మా నెల ముగిశాక కాగితం మీద మిగిలిన మొత్తం చూసి దాన్ని ఎటు పంపాలో నలుగురం మాట్లాడుకుంటాం. ఈసారి పెద్దవాడు సైకిలు అడిగాడు. మా వారు కారు టైర్లన్నారు. అత్తగారు ఫోన్లో విని, వైకాసిలో గంగమ్మ జాతర ఉంది కదా అన్నారు. మే నడుమ గుడియాత్తంలో గంగమ్మ శిరస్సు ఊరేగేరోజు ఊళ్ళో తెలుగిల్లు, తమిళిల్లు అని లేదు, ఇల్లిల్లూ చుట్టాలతో నిండుతుంది. అంతమందికీ వండాలి, పెట్టాలి. ఆ ఖర్చు ఇన్నాళ్ళూ అత్తగారే సర్దుకునేవారు, ఎలా సర్దుకున్నారో మేము అడగలేదు. ఈ ఏడు ఆ డబ్బు మేమే పంపుతున్నాం. సైకిలు జూన్‌లో కొందామంటే వాడు సరేనన్నాడు. టైర్ల సంగతి ఇంకా తేలలేదు.